జీతం లేని పనికీ వీసా కావాలి

ప్రశ్న: నేను హన్మకొండలో బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేశాను. వయసు 23. మా సొంతూరు జగిత్యాల దగ్గర. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక సంస్థ ప్రకటన చూసి వాళ్లతో మాట్లాడాను. కెన్యాలో ఒక పిల్లల ఆశ్రమంలో, దాని పక్కనే ఉన్న చిన్న క్లినిక్‌లో ఎనిమిది వారాలు వాలంటీరుగా పనిచేయాలట. తిండి, వసతి వాళ్లవే. ఫీజు 95,000 రూపాయలు. పదో తారీఖులోగా కడితే పది వేలు తగ్గిస్తారట. టికెట్ ఖర్చు మనదే. వీసా సంగతి అడిగితే, 'టూరిస్టు పర్మిషన్ చాలు, మీరు జీతం తీసుకోరు కాబట్టి అది పని కిందికి రాదు, ఎయిర్‌పోర్టులో అడిగితే సఫారీ చూడ్డానికి వచ్చానని చెప్పండి' అన్నారు. తర్వాత ఇలాగే యూకేకు కూడా పంపుతారట. మా బాపు 12 ఏళ్లు దుబాయిలో పనిచేసి వచ్చాడు. ఆయన ససేమిరా వద్దంటున్నాడు. 'జీతం లేకుండ పనిచేసెతందుకు మనమే పైసలు కట్టుడేంది' అంటాడు. నాకు మాత్రం వెళ్లాలనే ఉంది. ఏం చేయమంటారు?

ఒక పాఠకురాలు, హన్మకొండ

సమాధానం:

నువ్వు అని రాస్తున్నందుకు ఏమీ అనుకోకు బిడ్డా. మా చిన్నమ్మాయిది కూడా నీ ఈడే. నేను కరీంనగర్‌లో ఇరవై ఏళ్లకు పైగా పాస్‌పోర్టు ఫారాలూ వీసా ఫారాలూ నింపిన మనిషిని. దుబాయి, మస్కట్, దోహా పోయేవాళ్లవే ఎక్కువ. ఈ మధ్య పదేళ్లలో నీలాంటి చదువుకున్న పిల్లలు కూడా వస్తున్నారు. వాళ్లు అడిగేది ఉద్యోగం గురించి కాదు, సేవ గురించి. నీ ఉత్తరం చదువుతూ ఫీజు దగ్గర ఆగలేదు, కెన్యా దగ్గర ఆగలేదు. 'సఫారీ చూడ్డానికి వచ్చానని చెప్పండి' అన్న మాట దగ్గర ఆగిపోయాను. వెళ్లడానికి ముందే నీకు అబద్ధం నేర్పుతున్నారు. దాని ఫలితం అనుభవించేది వాళ్లు కాదు, నీ పాస్‌పోర్టు.

'జీతం తీసుకోరు కాబట్టి పని కాదు' అన్నదే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. చాలా దేశాల ఇమిగ్రేషన్ వాళ్లు ముందు చూసేది నీ జేబులోకి ఏం వస్తోందని కాదు. నువ్వు అక్కడ ఏం చేస్తున్నావు, అది చేయడానికి నీకు అనుమతి ఉందా అన్నదే చూస్తారు. క్లినిక్‌లో బీపీ చూసినా, పిల్లలకు అన్నం పెట్టినా, బడిలో ఇంగ్లిష్ చెప్పినా ఆ పని స్థానికులు కూడా చేయగలిగిందే. పైగా తిండి, పడుకోవడానికి మంచం ఇస్తే, దాన్ని కూడా ప్రతిఫలం కిందే లెక్కగట్టే దేశాలున్నాయి. న్యూజిలాండ్ అలాంటిదే. పొలంలో రోజుకు నాలుగు గంటలు కలుపు తీసి అక్కడే తిని పడుకుంటే, అక్కడి లెక్కలో అది పనే.

ఈ ముక్క మీ బాపుకు నాకంటే బాగా తెలుసు. ఆయన్ని అడుగు, ఆజాద్ వీసా అంటే ఏంటో చెప్తాడు. కాగితం మీద ఒక కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) పేరు, పని ఇంకెక్కడో. విజిట్ వీసా మీద పోయి పనిలో చేరినవాళ్లు, గడువు దాటాక కాగితాలు లేక కల్లివెల్లి అయిపోయినవాళ్లు మన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఎంతమందో. వాళ్లెవరూ దొంగతనం చేయలేదు, కష్టం చేసుకున్నారు, అంతే. కాగితం ఒకటి చెప్తుంటే చేతులు ఇంకొకటి చేస్తున్నాయి కాబట్టి పట్టుబడ్డారు. నీకు చెప్తున్న టూరిస్టు పర్మిషన్ కూడా ఆ ఆజాద్ వీసాకు చెల్లెలే. ప్రకటనలో పిల్లల నవ్వు ముఖాలు ఉన్నాయి, అదొక్కటే తేడా.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. పన్నెండేళ్ల కింద అనుకుంటా, హన్మకొండ నుంచే ఒక ఇంజనీరింగ్ విద్యార్థి వచ్చాడు. యూరప్‌లో రెండు వారాల సేవా శిబిరం. పాత కోటకు మరమ్మతులు, చెట్లు నాటడం. వీసా ఫారంలో 'ప్రయాణ కారణం' దగ్గర ఏం రాద్దామని ఇద్దరం అనుకున్నాం. శిబిరం అని రాస్తే పది కాగితాలు అడుగుతారని నేనే టూరిజం అని టిక్ పెట్టాను. వీసా వచ్చింది. మిఠాయి డబ్బా కూడా తెచ్చిచ్చాడు. అక్కడ దిగాక అధికారి బ్యాగు తెరిపిస్తే పైన శిబిరం టీషర్టు, కింద ఆహ్వాన పత్రం. అందులో 'మీ విధులు' అని అచ్చు వేసి ఉంది. తర్వాతి విమానానికే వెనక్కి పంపారు. పాస్‌పోర్టులో ఎంట్రీ ముద్ర వేసి, దాని మీద నల్ల ఇంకుతో అడ్డంగా కొట్టేసి ఇచ్చారు. యూరప్‌లో లోపలికి రానివ్వని వాళ్లకు అప్పట్లో అలాగే చేసేవాళ్లు. ఆ తర్వాత ఎంఎస్‌కు ఏ దేశానికి అప్లై చేసినా 'మిమ్మల్ని ఎప్పుడైనా తిప్పి పంపారా' అన్న ప్రశ్నకు అవునని రాసి, కథంతా వివరించాల్సి వచ్చింది. రెండేళ్లు పోయాయి. ఆ అబ్బాయి నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే నాకు ఇంకా గుర్తుంది.

అబద్ధం చెప్పి దొరికితే యూకే పదేళ్ల దాకా వీసా ఇవ్వకుండా ఆపగలదు. అమెరికాలో అయితే తప్పుడు సమాచారం ఇచ్చి వీసా తీసుకున్నారని తేలితే ఆ అనర్హతకు కాలపరిమితి అంటూ లేదు. నువ్వు నర్సువి. రేపు నీ బతుకుదెరువే విదేశాల్లో ఉండొచ్చు. ఎనిమిది వారాల కోసం దాన్ని పణంగా పెట్టొద్దు.

ఇక కెన్యా సంగతి. 2024 జనవరి నుంచి అక్కడికి వెళ్లే పర్యాటకులకు పాత వీసా పద్ధతి లేదు. ఆన్‌లైన్‌లో ముందే ఈటీఏ అనే ప్రయాణ అనుమతి తీసుకోవాలి. చాలా సులువు, ఫోన్లోనే అయిపోతుంది. అంత సులువు కాబట్టే నీ సంస్థ దాన్ని చూపిస్తోంది. కానీ అది చూడ్డానికి, చుట్టాలను కలవడానికి, మీటింగులకు వెళ్లేవాళ్ల కోసం పెట్టింది. పనికి వేరే దారులున్నాయి. కొద్ది కాలం పనికి స్పెషల్ పాస్ ఉంటుంది. ఎక్కువ కాలం ధార్మిక, సేవా కార్యక్రమాలకైతే క్లాస్ ఐ పర్మిట్ ఉంటుంది. ఈ రెండిట్లో దేనికైనా నిన్ను పిలిచే సంస్థ అక్కడ నీ తరఫున కాగితాలు పెట్టాలి, కారణం చూపించాలి. అక్కడి చట్టంలో అనుమతి లేకుండా పనిచేస్తే 5 లక్షల షిల్లింగుల దాకా జరిమానా, మూడేళ్ల దాకా జైలు రాసి ఉన్నాయి. నిజానికి చాలామందిని తిప్పి పంపి ఊరుకుంటారు. అయినా, ఎవరో అధికారి దయ మీద ఆధారపడి వెళ్లాల్సిన ఖర్మ మనకెందుకు?

కాబట్టి సంస్థను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: 'నాకు స్పెషల్ పాస్ ఎవరు తీయిస్తారు, ఎన్ని రోజులు పడుతుంది, దాని ఫీజు ఈ 95,000లో ఉందా?' ఫోన్లో కాదు, మెయిల్‌లో అడుగు. ఇప్పటికే ఇలాంటి వాలంటీర్లను పద్ధతిగా పంపిన సంస్థ అయితే అరగంటలో జవాబిస్తుంది, ఎందుకంటే వాళ్లకది రోజూ ఉండే పని. మళ్లీ 'టూరిస్టు చాలు మేడమ్' అని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వస్తే, అదీ ఒక జవాబే అనుకో.

నువ్వు నర్సువి కావడంతో ఇంకో ముడి ఉంది. దీన్ని చాలామంది మర్చిపోతారు. వీసా ఉంటే దేశంలోకి వెళ్లొచ్చు. రోగిని ముట్టుకోవడానికి వేరే అనుమతి కావాలి. మన రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కెన్యాలో చెల్లదు. అక్కడ కెన్యా నర్సింగ్ కౌన్సిల్ ఉంది. విదేశీ నర్సులు దాని దగ్గర తాత్కాలికంగానైనా లైసెన్సు తీసుకోవాలి. లేకుండా ఇంజెక్షన్ ఇచ్చి, రోగికి రియాక్షన్ వచ్చిందనుకో. కేసు నీ మీద. ఎంజీఎం ఆసుపత్రిలో ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు పక్కన సిస్టర్ ఉండి, పైన డాక్టర్ ఉండి, వెనక కాలేజీ ఉండేది. అక్కడ నువ్వొక్కదానివే. 'మన ఇండియన్ నర్సులు బాగా చేస్తారు, మీరే డెలివరీలు కూడా చూడొచ్చు' అని ఆశ పెట్టే చోటు కనిపిస్తే అక్కడి నుంచే వెనక్కి తిరుగు. మన ఊళ్లో లైసెన్సు లేనివాడు సూది వేస్తే ఆర్ఎంపీ అని ముక్కు విరుస్తాం కదా, అక్కడ మనమే ఆ పని చేస్తామా?

లైసెన్సు లేకుండా చేయగలిగినవీ ఉంటాయి. ఆరోగ్య పాఠాలు, చేతులు కడుక్కోవడం నేర్పడం, రికార్డులు సర్దడం, స్థానిక నర్సు వెంట ఉండి చూడటం. ఏ పని చేయిస్తారో ఆహ్వాన పత్రంలో స్పష్టంగా రాయించుకో.

ఇప్పుడు ఆశ్రమం. ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది, ఎందుకంటే నీ మనసు అక్కడే ఉందని తెలుస్తోంది. కెన్యా ప్రభుత్వం 2017 నవంబరులో కొత్త పిల్లల ఆశ్రమాల రిజిస్ట్రేషన్ ఆపేసింది. 2022లో వచ్చిన బాలల చట్టం, అదే ఏడాది మొదలైన పదేళ్ల ప్రణాళిక, రెండూ పిల్లల్ని ఆశ్రమాల నుంచి ఇళ్లకు, బంధువుల దగ్గరికి చేర్చే దిశలోనే నడుస్తున్నాయి. కారణం ఏమంటే, అనాథ అని చూపిస్తున్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. పేదరికం వల్ల, బడి దొరుకుతుందన్న ఆశ వల్ల అక్కడ చేరుస్తారు. విదేశీ వాలంటీర్లు, వాళ్ల విరాళాలు వచ్చే కొద్దీ ఆశ్రమాలకు ఇంకా పిల్లలు కావాల్సి వస్తుంది. నేపాల్‌లో, కంబోడియాలో ఇది పెద్ద వ్యాపారమే అయింది. 2018లో ఆస్ట్రేలియా ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు ఇలా ఆశ్రమాలకు పిల్లల్ని తరలించడాన్ని కూడా ఆ కోవలోనే చూసింది.

నీ సంస్థ అలాంటిదే అని నేను అనను, నాకు దాని గురించి ఏమీ తెలియదు. కానీ ఆశ్రమం ఏ సంవత్సరంలో రిజిస్టరైందో అడుగు. 2017 నవంబరు తర్వాత పుట్టిందని చెప్తే, ఎలా పుట్టిందని అడుగు. అక్కడి స్వచ్ఛంద సంస్థల నియంత్రణ 2024 మే నుంచి కొత్త చట్టం కింద పబ్లిక్ బెనిఫిట్ ఆర్గనైజేషన్స్ రెగ్యులేటరీ అథారిటీ చేతికి వచ్చింది. ఆశ్రమాన్ని నడిపే సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు తీసుకుని ఆ అథారిటీకే మెయిల్ పెట్టి నిజమా కాదా కనుక్కో.

ఇంకో చిన్న పరీక్ష చెప్తాను. నీ పోలీసు సర్టిఫికెట్ వాళ్లు అడిగారా? నీ ఉత్తరంలో ఆ మాట లేదు. ముక్కూ మొహం తెలియని మనిషిని, డబ్బు కడితే చాలు, పిల్లల గదిలోకి పంపే చోటు ఆ పిల్లలకు భద్రమైంది కాదు. అడిగితే మాత్రం తీసుకోవడం తేలిక. పాస్‌పోర్టు సేవ వెబ్‌సైట్‌లో పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కు అప్లై చేసి 500 రూపాయలు కట్టాలి. 2022 సెప్టెంబరు చివరి నుంచి పోస్టాఫీసుల్లోని పాస్‌పోర్టు కేంద్రాల్లో కూడా ఇస్తున్నారు కాబట్టి వరంగల్ హెడ్ పోస్టాఫీసులోని కేంద్రంలోనే పని అవుతుంది, హైదరాబాద్ పోనక్కర్లేదు. పాస్‌పోర్టులో పాత ఊరి అడ్రస్ ఉంటే జగిత్యాల పోలీసులకూ విచారణ వెళ్లొచ్చు. రెండు వారాలు ఎక్కువే వేసుకో.

డబ్బు గురించి మీ బాపు అన్న మాటలో సగం నిజం ఉంది. మనమే డబ్బు కట్టి సేవకు పోవడం దానంతట అది మోసం కాదు. నీకు తిండి పెట్టి, పర్మిట్ తీయించి, ఎయిర్‌పోర్టుకు వచ్చి తీసుకెళ్లే మనిషిని పెట్టాలంటే ఎవరికైనా ఖర్చే. కానీ 95,000 దేనికి దేనికో విడదీసి రాసివ్వమను. పర్మిట్‌కు ఎంత, వసతికి ఎంత, ఆశ్రమానికి చేరేది ఎంత, మధ్యలో వీళ్లు ఉంచుకునేది ఎంత. పర్మిట్ రాకపోతే ఎంత వెనక్కి ఇస్తారు? డబ్బు ఎవరి ఖాతాలోకి పోతోంది? సంస్థ పేరిట ఉన్న ఖాతా కాకుండా ఎవరో ఒకరి సొంత ఫోన్‌పే నంబరు ఇస్తే అక్కడితో మాట ఆపెయ్. పోల్చుకోవడానికి ఒకటి చెప్తాను, ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం అప్లికేషన్‌కు గానీ, ఎంపికకు గానీ ఒక్క రూపాయి తీసుకోదు. పైగా ఖర్చులకు భత్యం ఇస్తుంది. 18 నుంచి 26 ఏళ్ల వాళ్లకు యువ వాలంటీర్ల విభాగం ఉంది. పోటీ గట్టిగానే ఉంటుంది, అయినా నీ డిగ్రీకి ప్రయత్నించదగ్గదే. దాని పేరు చెప్పి ఎవరైనా ఫీజు అడిగితే అది దొంగ ప్రకటన.

'టూరిస్టుగా వచ్చేయ్, మిగతాది ఇక్కడ చూసుకుందాం' అన్న మాట ఎక్కడి దాకా తీసుకెళ్తుందో 2025 మార్చిలో చూశాం. థాయ్‌లాండ్ అని నమ్మి వెళ్లి, సరిహద్దు దాటించబడి, మయన్మార్ సైబర్ మోసాల శిబిరాల్లో ఇరుక్కున్న 549 మంది భారతీయుల్ని రెండు రోజుల్లో వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు. వాళ్లలో మన తెలంగాణ పిల్లలూ ఉన్నారు. నీది ఆ కోవ అని కాదు. కాగితం లేకుండా ఒకసారి గడప దాటితే, తర్వాత నీ తరఫున మాట్లాడటానికి నీ చేతిలో ఏమీ ఉండదు, అందుకని చెప్తున్నా.

యూకే గురించి అడిగావు. 'ఇలాగే' పంపుతామన్న మాట తప్పు. విజిటర్‌గా వెళ్లినవాళ్లు అక్కడ రిజిస్టరైన చారిటీలో 30 రోజుల లోపు సేవ చేయొచ్చు, నిజమే. కానీ అదే నీ ప్రయాణానికి ముఖ్య కారణం కాకూడదు. అక్కను చూడ్డానికి పోయి, నాలుగు శనివారాలు పక్క వీధి చారిటీ దుకాణంలో నిలబడితే ఫరవాలేదు. సేవ కోసమే పోతే చారిటీ వర్కర్ వీసా కావాలి. దానికి లైసెన్సు ఉన్న సంస్థ స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ లైసెన్సు ఉన్న సంస్థల జాబితా యూకే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అందరూ చూడొచ్చు. గరిష్ఠంగా 12 నెలలు ఉండొచ్చు. ఖర్చులు స్పాన్సర్ భరిస్తామని రాసివ్వకపోతే నీ ఖాతాలో 1,270 పౌండ్లు వరుసగా 28 రోజులు నిల్వ ఉండాలి. ఒక్క రోజు తగ్గినా మళ్లీ మొదటి నుంచే లెక్క. నాన్న ఖాతాలో ఉన్నాయంటే కుదరదు. ఆరు నెలలకు మించి ఉండేట్టయితే టీబీ పరీక్ష కూడా. శాశ్వత పోస్టులో ఆ వీసా మీద పెట్టుకోకూడదు, కాబట్టి 'ముందు చారిటీ వీసా, తర్వాత ఎన్‌హెచ్‌ఎస్‌లో (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) నర్సు ఉద్యోగం' అని ఎవరైనా లింకు పెట్టి చెప్తే నమ్మకు. నర్సు ఉద్యోగానికి దారి వేరు. దాని కోసమైతే మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీ, జపాన్ లాంటి చోట్లకు భాష నేర్పించి మరీ పంపుతోంది, అక్కడ అడుగు. ప్రైవేటు ఏజెంటు అయితే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకో.

మిగతా దేశాలు క్లుప్తంగా. అమెరికాలో గుర్తింపు ఉన్న మత, ధార్మిక సంస్థలో జీతం లేకుండా సేవకు బీ-1 వీసా మీద వెళ్లొచ్చు, సంస్థ ఉత్తరం చూపాలి, విరాళాలు వసూలు చేయకూడదు. ఆస్ట్రేలియా విజిటర్ వీసా కొద్దిపాటి సేవను ఒప్పుకుంటుంది, కానీ అక్కడివాళ్లకు జీతమిచ్చి చేయించే పని అయి ఉండకూడదు. థాయ్‌లాండ్‌లో వాలంటీరుకు వేరే వీసా, దాని మీద మళ్లీ వర్క్ పర్మిట్. జర్మనీలో 2011 నుంచి ఫెడరల్ వాలంటీర్ సర్వీస్ అని ఒకటి నడుస్తోంది. చేతి ఖర్చులకు కొంత, ఆరోగ్య బీమా ఇస్తారు, కొంత జర్మన్ రావాలి, ఇక్కడి నుంచే దీర్ఘకాల వీసా తీసుకుని వెళ్లాలి. నీకు నిజంగా ఆసక్తి ఉంటే నాకు ఇదే అన్నిటికన్నా నచ్చింది, ఎందుకంటే ఇందులో ఎవరూ నిన్ను సఫారీ అని చెప్పమనరు.

సరే, పర్మిట్ వచ్చింది, ఆశ్రమం మంచిదే అని తేలింది, కెన్యా వెళ్తున్నావు అనుకుందాం. అప్పుడు మొదటి పని యెల్లో ఫీవర్ టీకా. చాలామంది ఇది కెన్యా అడుగుతుందని అనుకుంటారు. మన దేశం నుంచి నేరుగా వెళ్లేవాళ్లను వాళ్లు అడగరు. తిరిగొచ్చేటప్పుడు అడిగేది మనవాళ్లే. కెన్యా ఆ జ్వరం ఉన్న దేశాల జాబితాలో ఉంది కాబట్టి, సర్టిఫికెట్ లేకుండా దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. సూది వేసుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. పాస్‌పోర్టు వెంట తీసుకెళ్లు. మలేరియా నైరోబీలో తక్కువ, తీరప్రాంతంలో, విక్టోరియా సరస్సు వైపు ఎక్కువ. నువ్వుండే ఊరు ఏదో చూసి మాత్రల సంగతి డాక్టర్‌తో మాట్లాడు.

క్లినిక్‌లో ఉంటావు కాబట్టి సూది గుచ్చుకుంటే ఏం చేస్తారో ముందే అడుగు. హెచ్ఐవీ నివారణ మందులు 72 గంటల లోపు మొదలుపెట్టాలని నీకు చెప్పనక్కర్లేదు. ఆ మందు ఉన్న ఆసుపత్రి ఎంత దూరమో, రాత్రిపూట బండి ఉంటుందో లేదో మాత్రం అడిగి తెలుసుకోవాల్సిందే. బీమా తీసుకునేటప్పుడు పాలసీలో 'వాలంటీరు పని'కి కవర్ ఉందో లేదో చదువు. చాలా ట్రావెల్ పాలసీలు విహారానికే రాసినవి. పనిచేస్తూ దెబ్బ తగిలితే తప్పించుకుంటాయి.

పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకు. 'ఆఫీసులో భద్రంగా ఉంచుతాం' అంటారు. మీ బాపు పాస్‌పోర్టు ఎన్నేళ్లు కంపెనీ బీరువాలో ఉందో అడుగు. మన 1967 పాస్‌పోర్టుల చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వ ఆస్తి, ఏ సంస్థకూ దాన్ని దగ్గర పెట్టుకునే హక్కు లేదు. పర్మిట్ ముద్ర కోసం ఇవ్వాల్సి వస్తే రసీదు తీసుకో. నైరోబీలోని మన హైకమిషన్ ఫోన్ నంబరు ఫోన్లో ఒకచోట, కాగితం మీద ఒకచోట రాసుకో. తిరుగు టికెట్ నీ పేరు మీద, నీ మెయిల్‌లో ఉండాలి.

సామాన్ల గురించి ఒక్క మాట, ఇది మన వైపు వాళ్లకే చెప్పాలి. నువ్వు పోతున్నావని తెలిస్తే చుట్టాలందరూ పొట్లాలతో వస్తారు. నీ విమానం దుబాయి మీదుగానో దోహా మీదుగానో పోవచ్చు. మసాలాలో గసగసాలు ఉంటే తీసెయ్. మనకు కూరలో వేసుకునేవి, యూఏఈలో అవి నిషేధం. నర్సువి కదా అని మందుల డబ్బా నింపకు. ట్రమడాల్, కోడిన్ లాంటివి ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరికితే గల్ఫ్‌లో పెద్ద కేసే. దుబాయిలో ఆగినప్పుడు మా తమ్ముడికి ఇవ్వు అని ఎవరైనా మూసిన పొట్లం ఇస్తే, మీ అత్తమ్మ అయినా సరే, తెరిచి చూడకుండా పెట్టుకోకు. ఇక కెన్యాలో 2017 ఆగస్టు నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. పచ్చడి సీసాలను కవర్లలో చుట్టకు, పాత చీర ముక్కలు బెటర్.

ఒకవేళ ఆ సంస్థ కాగితాలు తేలకపోతే ఏడాది వృథా అయిందని అనుకోకు. హన్మకొండ రెడ్‌క్రాస్‌లో పిల్లలకు రక్తం ఎక్కించే చోట చేతులు ఎప్పుడూ తక్కువే. మేడారం జాతర వచ్చినప్పుడు వైద్య శిబిరాల్లో నాలుగు రోజులు నిలబడితే, ఏ కెన్యా క్లినిక్‌లోనూ చూడనంత జనాన్ని చూస్తావు. అలాంటి చోట్ల తీసుకున్న అనుభవ పత్రం ఐక్యరాజ్యసమితి అప్లికేషన్‌లో కూడా రాసుకోవచ్చు.

మీ బాపుతో గొడవ పడకు. సంస్థకు రాసే మెయిల్ ఆయన ముందే కూర్చుని రాయి. పర్మిట్ ఎవరు తీయిస్తారు, నర్సింగ్ లైసెన్సు ఎలా, ఆశ్రమం రిజిస్ట్రేషన్ నంబరు ఎంత, డబ్బు లెక్క ఏంటి, ఈ నాలుగే. ఆయన ఇంకోటి కలపమంటే కలుపు, గల్ఫ్‌లో 12 ఏళ్లు ఉన్నవాడికి నాకు తట్టనిది తట్టొచ్చు. జవాబు రాకముందు పది వేల తగ్గింపు కోసం డబ్బు కట్టకు, పదో తారీఖు దాటితే దాటనివ్వు. జవాబు వచ్చాక ఆ మెయిల్‌నూ ఆహ్వాన పత్రాన్నీ నాకు పంపు. ఈసారి ప్రయాణ కారణం దగ్గర ఏం రాయాలో ఇద్దరం కలిసి చూద్దాం.